కారు ముందు అద్దం రిపేరు వ్యాపారం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైవే మీద లారీ టైరు కింద నుంచి ఎగిరిన కంకర రాయి ముందు అద్దానికి తగిలితే చాలామంది రెండే పనులు చేస్తారు. చూసీచూడనట్టు వదిలేస్తారు, లేదంటే అద్దం మొత్తం మార్పించేస్తారు. దెబ్బ తగిలిన చోట రెజిన్ అనే పారదర్శకమైన, గట్టిపడే ద్రవాన్ని ఎక్కించి, పగులు పాకకుండా ఆపవచ్చని తెలిసినవారు తక్కువ. ఆ పనినే ఉపాధిగా చేసుకోవాలనుకునేవారు అడిగే ప్రశ్నలకు జవాబులివి. మన తెలుగు రాష్ట్రాల రోడ్లు, ఎండలు, మన దేశపు బీమా లెక్కలు దృష్టిలో పెట్టుకుని రాశాను.

పగిలిన గాజు నిజంగా బాగవుతుందా? ఇది కంటితుడుపు పని కాదు కదా?

కాదు. ముందు అద్దం ఒకే పలక కాదు. రెండు గాజు పలకలు, వాటి మధ్య పాలీవినైల్ బ్యుటిరాల్ అనే పారదర్శకమైన పొర. ఆ పొర మందం సాధారణంగా 0.76 మిల్లీమీటర్లు. చిన్న రాయి తగిలినప్పుడు సాధారణంగా దెబ్బ తినేది బయటి పలక మాత్రమే. లోపలి పలక, మధ్య పొర చెక్కుచెదరవు. బయటి పలకలో ఏర్పడిన ఖాళీలోంచి గాలిని లాగేసి రెజిన్‌తో నింపి, అతినీలలోహిత దీపంతో గట్టిపరచడమే రిపేరు. ఖాళీలో గాలి ఉన్నంతసేపు వెలుతురు చెదిరి పగులు నల్లగానో వెండి తీగలానో కనిపిస్తుంది. రెజిన్ కూడా వెలుతురును దాదాపు గాజులాగే వంచుతుంది కాబట్టి, అది నిండగానే పగులు కంటికి ఆనడం బాగా తగ్గుతుంది. అంచులు అతుక్కోవడం వల్ల పాకే ప్రమాదమూ తగ్గుతుంది.

అయితే మచ్చ పూర్తిగా మాయం కాదు. రాయి సరిగ్గా తగిలిన చోట చిన్న చుక్క మిగులుతుంది. ఈ మాట పని మొదలుపెట్టక ముందే చెప్పాలి. పని అయ్యాక చెబితే సాకులా వినిపిస్తుంది.

పక్క అద్దాలకు, వెనక అద్దానికి కూడా చేయవచ్చా?

చేయలేము. అవి సాధారణంగా టెంపర్డ్ గాజు, అంటే వేడిచేసి గట్టిపరిచిన ఒకే పలక. దెబ్బ గట్టిగా తగిలితే చిన్న చిన్న ముక్కలుగా రాలిపోతాయి. ముందు అద్దం మాత్రం లామినేటెడ్ గాజే, అంటే పైన చెప్పిన మధ్య పొర ఉన్న గాజే ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 100వ నియమం చెబుతోంది. మన పనికి ఆధారం ఆ నియమమే అనుకోవచ్చు.

ఎలాంటి దెబ్బను తీసుకోవాలి? దేన్ని వద్దనాలి?

ఈ వ్యాపారం నిలబడేదీ కూలేదీ ఈ ప్రశ్న దగ్గరే. రెజిన్ ఎక్కించడం ఓపిక ఉన్న ఎవరికైనా వస్తుంది. ‘ఇది నేను చేయను, అద్దం మార్చుకోండి’ అని చెప్పి, చేతికందే డబ్బు వదులుకోవడం రావాలి.

దెబ్బలు చూడగానే పోల్చుకోవడం నేర్చుకోండి. గుండ్రంగా కన్నులా ఉండేది ఒకటి, దాన్ని బుల్స్ ఐ అంటారు. సగం గుండ్రంగా నెలవంకలా ఉండేది ఇంకొకటి. మధ్య నుంచి చుట్టూ కాళ్లు చాచినట్టు గీతలు వెళితే అది స్టార్. గుండ్రమూ కాళ్లూ కలిసి ఉంటే కాంబినేషన్. ఇవి కాక పొడవాటి గీత. గుండ్రటి దెబ్బ అన్నిటికంటే సులువు. కాళ్లు ఎంత సన్నగా ఉంటే రెజిన్ వాటి చివరి దాకా వెళ్లడానికి అంత సమయం పడుతుంది.

అమెరికాలో ఈ పనికి రోలాగ్స్ అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం గుండ్రటి దెబ్బ వ్యాసం 25 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, స్టార్ అయితే 75 లోపు, కాంబినేషన్‌లో కాళ్లు వదిలేసి మధ్య భాగం 50 లోపు ఉండాలి. పొడవు గీతకు 35 సెంటీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. కొత్తగా దిగేవారు జానెడు దాటిన గీతను ముట్టుకోవద్దనే నా సలహా. ఆ పనికి డ్రిల్లు మీద, ఒత్తిడి మీద చేతికి బాగా పట్టు ఉండాలి.

కొలత సరిపోయినా వద్దనాల్సినవి కొన్ని ఉన్నాయి. దెబ్బ లోపలి పలక దాకా వెళ్లి, కారు లోపలి నుంచి గోరుతో గీస్తే గరుకు తగిలితే వద్దు. గీత అద్దం అంచును తాకి ఉంటే చాలా జాగ్రత్త, ఎందుకంటే గాజు మీద ఒత్తిడి అంచుల దగ్గరే ఎక్కువ. నెలల తరబడి దుమ్ము, సబ్బునీళ్లు, మైనం చేరిన పాత దెబ్బలో రెజిన్ సరిగా పట్టదు. డ్రైవరు కంటికి నేరుగా ఎదురుగా ఉన్న చోట చిన్న దెబ్బ అయితేనే తీసుకోండి. రిపేరు బాగా కుదిరినా మిగిలే చుక్క రాత్రివేళ ఎదురు బండి లైట్లలో మెరుస్తుంది. అద్దం వెనక డ్రైవరుకు సాయపడే కెమెరా ఉన్న కార్లలో ఆ కెమెరా చూసే భాగంలో దెబ్బ ఉంటే వదిలేయండి. బ్రేకు వేయాలా వద్దా అని తేల్చే యంత్రం ఆ కెమెరా కంటితోనే రోడ్డును చూస్తుంది.

ఫోను చేసినవారిని ముందు ఫోటో పంపమనండి. దెబ్బ పక్కన పది రూపాయల నాణెం పెట్టి తీయమనాలి. ఆ నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. గుండ్రటి దెబ్బ ఆ నాణెం కంటే కాస్త చిన్నగా కనిపిస్తే బయలుదేరవచ్చు. మీరు వెళ్లేలోగా దెబ్బ మీద పారదర్శకమైన టేపు అంటించమని, కారు కడగవద్దని కూడా చెప్పండి. ఆ టేపు ముక్క మీకు చాలా శ్రమ తగ్గిస్తుంది.

పని ఎక్కడ నేర్చుకోవాలి?

గాజు పని చేసే షాపులో కొంతకాలం చేయి కలపడం అన్నిటికంటే మంచిది. వీలుకాకపోతే ఆటోనగర్‌కు వెళ్లండి. విజయవాడ, హైదరాబాద్, గాజువాక, ఎక్కడి ఆటోనగర్‌లోనైనా తీసేసిన ముందు అద్దాలు పడి ఉంటాయి. చవగ్గా ఇస్తారు. వాటి మీద ఉన్న దెబ్బలనే బాగుచేసి చూడండి, కొత్తవి మీరే చేసి నింపండి. గట్టిపడ్డాక వెలుతురుకు ఎదురుగా పెట్టి, ఏ కాలు చివర గాలి మిగిలిందో చూడండి.

ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. బండికి అతికించి ఉన్న అద్దం మీద ఎప్పుడూ ఎంతో కొంత బిగువు ఉంటుంది. నేల మీద పడి ఉన్న అద్దానికి అది లేదు. అందుకే ఆటోనగర్ అద్దం మీద బాగా కుదిరిన ఒత్తిడి, నిజమైన కారు మీద ఎక్కువైపోవచ్చు. మొదటి కార్లు మీ సొంతవో చుట్టాలవో అయితే మంచిది.

పని ఎలా సాగుతుందో వివరంగా చెబుతారా?

ముందు బానెట్ మీద, డ్యాష్‌బోర్డు మీద గుడ్డ కప్పాలి, రెజిన్ చుక్క రంగు మీద పడితే మరో రిపేరు నెత్తిన పడుతుంది. సన్నని సూదితో దెబ్బలోని గాజు పొడిని, వదులుగా ఉన్న పెచ్చులను తీసేయాలి. రాయి తగిలిన నోరు మరీ మూసుకుపోయి ఉంటే చిన్న డ్రిల్లుతో తెరవాలి, బయటి పలకలోకి మాత్రమే. డ్రిల్లు మధ్య పొరను తాకకూడదు.

తర్వాత రబ్బరు చూషకాలతో అద్దానికి అతుక్కునే బ్రిడ్జి పెట్టి, ఇంజెక్టర్ మూతి సరిగ్గా దెబ్బ నోటి మీద కూర్చోబెట్టాలి. ఇక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా గాలి పక్క నుంచి వస్తూనే ఉంటుంది. కొన్ని చుక్కల రెజిన్ వేసి ముందు గాలి లాగాలి, తర్వాత ఒత్తిడి పెట్టాలి, మళ్లీ లాగాలి. కారు లోపల కూర్చుని టార్చి వేసి చూస్తే జరిగేది కనిపిస్తుంది. నల్లటి కాళ్లు మధ్య నుంచి మొదలై కొసల వైపు ఒక్కొక్కటే తేటపడుతూ పోతాయి. ఒక కాలు చివర మాత్రం నల్ల వెంట్రుకలా మొరాయిస్తుంది. అక్కడ తొందరపడి ఒత్తిడి పెంచితే ఆ కాలే పొడుగవుతుంది. బయటి నుంచి వేలితో మెల్లగా తట్టి, కాసేపు ఆగాలి.

అన్నీ తేటపడ్డాక ఇంజెక్టర్ తీసి, నోటి మీద చిక్కటి రెజిన్ చుక్క వేసి, పైన చిన్న ప్లాస్టిక్ ఫిల్ము పరిచి దీపం పెట్టాలి. దీపం సమయం రెజిన్ సీసా మీద రాసి ఉన్నంత. గట్టిపడ్డాక బ్లేడును అద్దానికి నిటారుగా పట్టుకుని మిగులును గీకేసి పాలిష్ చేయాలి. మామూలు దెబ్బకు అటూ ఇటూగా అరగంట, స్టార్‌కు ఇంకా ఎక్కువ. కళ్లజోడు, చేతి తొడుగులు మాత్రం మానకండి.

పెట్టుబడి ఎంత కావాలి?

పెద్ద యంత్రాలేమీ లేవు. బ్రిడ్జి, ఇంజెక్టర్, సన్నటివీ చిక్కటివీ రెజిన్లు, దీపం, డ్రిల్లు, సూదులు, బ్లేడ్లు, టార్చి, చిన్న చేతి అద్దం. సంచీ తగిలించుకుని స్కూటర్ మీద వెళ్లి చేయగల పని ఇది. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరికే కిట్లు సొంత కారుకు ఒకసారి వాడుకునేవారి కోసం తయారైనవి. వాటితో డబ్బు తీసుకుని పరాయి కారు ముట్టుకోవద్దు. ఖర్చు పెట్టాల్సింది ఇంజెక్టర్ మీద, రెజిన్ మీద.

అప్పు కావాలంటే ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండా బ్యాంకులు ఇస్తాయి. బండి ఇప్పటికే ఉంటే శిశు సరిపోతుంది. మొదటి రోజే వ్యాను కొనకండి.

బీమా ఉంది కదా, కస్టమరు జేబులోంచి ఎందుకు ఇస్తాడు?

ఈ లెక్క మీకు నోటికి వచ్చి ఉండాలి, ఎందుకంటే కస్టమరుకు తెలియదు. సమగ్ర పాలసీలో గాజు భాగాలకు తరుగుదల కోయరు, నిజమే. కానీ ప్రతి క్లెయిమ్‌లోనూ 1500 సీసీ లోపు కార్లకు 1,000 రూపాయలు, దాటిన వాటికి 2,000 రూపాయలు యజమాని తప్పనిసరిగా పెట్టుకోవాలి. చిన్న దెబ్బ రిపేరు ఖర్చు చాలాసార్లు అక్కడికే వస్తుంది. ఇక క్లెయిమ్ చేయడానికి ఏమి మిగిలింది?

అసలు నష్టం నో క్లెయిమ్ బోనస్‌లో ఉంది. క్లెయిమ్ లేని ఏళ్లు గడిచేకొద్దీ ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే సొంత బండి నష్టానికి కట్టే భాగంలో తగ్గింపు 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్ చేస్తే తర్వాతి రెన్యువల్‌కు అది సున్నా. తగ్గింపుకు ముందు ఆ ప్రీమియం 12,000 రూపాయలు, బోనస్ 50 శాతం ఉన్న కారును తీసుకోండి. ఏటా 6,000 కడుతున్న మనిషి అద్దం క్లెయిమ్ చేశాక మొదటి ఏడు 12,000, ఆ తర్వాత వరసగా 9,600, 9,000, 7,800, 6,600 కట్టి, అప్పుడు గాని మళ్లీ 6,000కు చేరడు. ప్రీమియం మారదనుకుంటే మొత్తం నష్టం 15,000 రూపాయలు. ఏ చిన్న కారుకైనా అద్దం మార్పించేముందు ఈ అంకెను అద్దం ధర పక్కన పెట్టి చూడాలి.

అద్దం మారిస్తే ఫాస్టాగ్ కూడా చిరిగిపోతుంది, కొత్తది తీసుకోవాలి. అద్దాన్ని బాడీకి పట్టి ఉంచే, ఫ్యాక్టరీలో వేసిన జిగురు బంధం తెగుతుంది. ఇవన్నీ కాగితం మీద రాసి చూపండి. అదే సమయంలో, క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడే అదనపు కవర్ (యాడ్ ఆన్) ఉన్నవారికి, దెబ్బ పెద్దదైనవారికి క్లెయిమే మేలని మీరే చెప్పండి. అలా చెప్పిన మనిషిని జనం గుర్తుపెట్టుకుని నలుగురికి చెబుతారు.

అమెరికా వీడియోల్లో బీమా కంపెనీయే రిపేరు డబ్బు కడుతుంది అంటున్నారు. ఇక్కడ అలా కుదరదా?

అక్కడ చాలా కంపెనీలు రిపేరుకు యజమాని వాటా మాఫీ చేస్తాయి. అద్దం మార్చడం కంటే రిపేరు వాటికి చవక. అందుకే అక్కడి వ్యాపారం బీమా బిల్లుల చుట్టూ నడుస్తుంది. మనకు నేరుగా డబ్బు ఇచ్చే కస్టమరే ఆధారం. ఆ వీడియోల్లో చేతిపని చూసి నేర్చుకోండి, వ్యాపార సలహాలు మాత్రం పక్కన పెట్టండి.

ఎంత తీసుకోవాలి?

రెజిన్, బ్లేడు, ఫిల్ము ఖర్చు ఒక పనిలో చిన్న భాగమే. పెట్రోలు, దారిలో పోయే సమయం పెద్దవి. కాబట్టి దూరాన్ని బట్టి ధర ఉండాలి. ఒకే అద్దం మీద రెండో దెబ్బకు సగం తీసుకోవడం న్యాయం, మీరు అప్పటికే అక్కడున్నారు. పోటీగా ఎవరో తక్కువకు చేస్తున్నారని ధర దించడం మొదలుపెడితే, ఆ ధరలో పని పూర్తి చేయడానికి చివరి కాలు తేటపడే దాకా ఆగలేరు. పని చెడేది అక్కడే.

మన ఎండల్లో ఈ పని సాధ్యమా?

సాధ్యమే, కానీ ఎండలో కాదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలకే రెజిన్ గట్టిపడిపోతుంది, సగం నిండకముందే. పైగా మే నెలలో ఆరుబయట నిలబెట్టిన కారు అద్దం మీద చేయి పెట్టలేము. అలా కాగిన అద్దానికి ఒత్తిడి పెడితే పగులు పాకుతుంది. నీడలోకి తెచ్చి, తలుపులు తెరిచి, అద్దం మీద అరచేయి హాయిగా ఆనే దాకా ఆగండి. త్వరగా చల్లారాలని నీళ్లు చల్లడం, ఏసీ గాలిని అద్దం మీదకు పెట్టడం రెండూ ప్రమాదమే. దెబ్బ తగిలిన అద్దాలు హైవే మీదే కాదు, ఎండలో ఆగిన కారులో ఏసీ ఒక్కసారిగా పెట్టినప్పుడు కూడా చీలవచ్చు. ఇది మీ కస్టమర్లకు కూడా చెప్పండి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్ల సెల్లార్లు ఈ పనికి దొరికిన వరం. నీడ, చదును నేల, కరెంటు మూడూ అక్కడ ఉంటాయి. వేసవిలో పని ఉదయం, సాయంత్రం పెట్టుకోండి. రెజిన్ సీసాలను బండి డిక్కీలో వదిలేయకండి.

వానాకాలం సమస్య వేరు. దెబ్బలో నీరు చేరితే రెజిన్ పట్టదు, పాలలా మబ్బు కమ్ముతుంది. లోపలి వైపు నుంచి మెల్లగా వెచ్చజేసి, గాలి లాగి, తడి పోయిందని తేలాకే మొదలుపెట్టాలి. అనుమానం ఉంటే మర్నాటికి వాయిదా వేయండి.

నా చేతిలో ఉండగానే పగులు పాకితే?

పాకుతుంది, ఎంత అనుభవం ఉన్నా ఎప్పుడో ఒకసారి పాకుతుంది. అందుకే పని ముందే చిన్న కాగితం మీద మూడు మాటలు రాయించి సంతకం తీసుకోవాలి: మచ్చ కొంత మిగులుతుంది, పనిలో పగులు పెరిగే అవకాశం ఉంది, పెరిగితే డబ్బు తీసుకోను కానీ అద్దం ధర ఇవ్వను. ముందూ తర్వాతా ఫోటోలు తీసి ఉంచండి. తర్వాత అదే చోట నుంచి పగులు సాగితే తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చేయడం మంచి పద్ధతి. మాట్లాడకుండా యూపీఐలో పంపేయండి.

కస్టమర్లు ఎక్కడ దొరుకుతారు?

దెబ్బలు ఎక్కడ తగులుతాయో ఆలోచించండి. హైదరాబాద్ విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద నిత్యం తిరిగే ట్రావెల్స్ కార్లు, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వాడే ఐటీ ఉద్యోగులు, చీమకుర్తి గ్రానైట్ క్వారీల లారీల వెంట ఒంగోలు దాకా వచ్చే బండ్లు, కరీంనగర్ క్వారీ రోడ్లు. ఆ దారుల్లోని కార్ వాష్‌లు, పంక్చర్ షాపులు, టైర్ల దుకాణాలవారు రోజూ అద్దాలు చూస్తుంటారు. వారికి దెబ్బ రకాలు చూపించి, పంపిన ప్రతి పనికీ కమీషన్ ఇవ్వండి.

పాత కార్లు అమ్మేవారు, అద్దె కార్ల సంస్థలు, స్కూలు బస్సుల యాజమాన్యాలు ఒక్కసారే చాలా పని ఇస్తాయి. ధర తక్కువైనా ఒకేచోట వరసగా చేసుకోవచ్చు. అప్పు మాత్రం నెల దాటనివ్వకండి. చిన్న వ్యాపారాలు పనిలేక కాదు, రావాల్సిన డబ్బు రాక మూతపడతాయి.

రిజిస్ట్రేషన్లు ఏమేమి కావాలి?

షాపు తెరిస్తే పురపాలక ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో దుకాణాల చట్టం కింద నమోదు. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పనిసరి. చిన్న వ్యాపారాలకు ఉద్దేశించిన ఉద్యమ్ నమోదు ఆధార్‌తో ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా అవుతుంది. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు.

వైపర్ గీతలు కూడా తీస్తామని చెప్పవచ్చా?

చెప్పకండి. లోతు గీతలను అరగదీస్తే గాజు అక్కడ పల్లమై, అందులోంచి రోడ్డు అలలుగా కనిపిస్తుంది.

కొంతకాలం అయ్యాక అద్దాలు మార్చే పనిలోకి కూడా వెళ్లవచ్చా?

అది వేరే వృత్తి. అద్దం యూరిథేన్ జిగురుతో బాడీకి అతుకుతుంది. ప్రమాదంలో పైకప్పు నిలబడటానికి, ముందు సీటు ఎయిర్‌బ్యాగ్ సరిగ్గా విచ్చుకోవడానికి ఆ బంధం సాయపడుతుంది. జిగురు ఆరకముందే కారు పంపిస్తే ఆ మనిషి ప్రాణంతో ఆడుకున్నట్టే. కెమెరా ఉన్న కార్లకు అద్దం మార్చాక కెమెరాను మళ్లీ సరిచూసే పరికరం కావాలి, అది చిన్న షాపుకు మోయలేని భారం. గాజు నిల్వకు చోటు, దింపడానికి ఇద్దరు మనుషులు కావాలి.

నా సలహా అడిగితే, మొదట్లో ఆ పని మీరు చేయకండి. మీ ఊళ్లో జిగురు ఆరే దాకా కారును కదలనివ్వని మంచి షాపు ఒకటి వెతికి, మీరు వద్దన్న దెబ్బలను అక్కడికి పంపండి. చిన్న దెబ్బలను మీ దగ్గరకు పంపమని వారితో మాట్లాడుకోండి.